మొండి బ్రేకులు – ఒక పాస్కల్ పాఠం

పాస్కల్ సూత్రం చదవని విద్యార్థి మనలో ఉండడు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరచిపోయే ఈ వాక్యం మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడి ఉన్నాయో నాకు ఎంకపల్లిలో, మా ఇంటి వేపచెట్టు కింద, పాత అంబాసిడరు బ్రేకులతో రెండు రోజులు కుస్తీ పట్టినప్పుడు తెలిసివచ్చింది.

అంబాసిడరు కారు 1958 నుంచి 2014 వరకు ఉత్తరపారాలో తయారైంది. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడలు తొక్కితే మాస్టరు సిలిండరులోని ఆయిలు గొట్టాల గుండా చక్రాల సిలిండర్లకు చేరి, షూలను డ్రమ్ముకు అదుముతుంది. ఈ పద్ధతికి 1917లో అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ దీనిని అమర్చుకుని వచ్చింది.

ఆయిలు నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. చిక్కంతా ఇక్కడే. చిన్న లెక్క వేద్దాం. మాస్టరు సిలిండరు పిస్టను వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు, పెడలు లీవరు అయిదు రెట్లు అనుకుందాం. కాలి బలం 20 కిలోలైతే పిస్టను మీద 100 కిలోలు, అనగా చదరపు సెంటీమీటరుకు 25 కిలోల పీడనం. గొట్టంలో 4 ఘన సెంటీమీటర్ల గాలి ఉంటే, బాయిల్ సూత్రం ప్రకారం అది దాదాపు లేనట్టే అయిపోతుంది. దానికోసం పిస్టను ఒక సెంటీమీటరు, పెడలు అయిదు సెంటీమీటర్లు వృథాగా పోవాలి. ఒక చెంచాడు గాలి కూడా కాదు, సగం పెడలు మింగేసింది!

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. చక్రాల కింద రాళ్లు పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా దిమ్మెలు వేసుకోవాలి. మాస్టరు సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలు. మన బండ్లలో అది ఎడమ వెనుకది. తర్వాత కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు. నిపుల్‌కు ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొన సీసాలోని ఆయిలులో ముంచాలి. "తొక్కు" అంటే తమ్ముడు మెల్లగా తొక్కాలి. "పట్టు" అన్నాక నేను నిపుల్ వదులు చేసి, బుడగలు పోగానే బిగించాలి. ఆ తర్వాతే "వదులు". ఈ వరుస తప్పితే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది. మాస్టరు సిలిండరు డబ్బాలో ఆయిలు అడుగంటరాదు.

ఇంతా చేసినా మా పెడలు లేవలేదు. నేను చేసిన మొదటి తప్పు, సీసాలో నురగ తేలిన ఆయిలునే తిరిగి పోయడం. తీసిన గాలిని నేనే మళ్లీ ఎక్కించానన్నమాట! పైగా బ్రేకు ఆయిలు తేమ పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తదైతే 205 డిగ్రీలకు గాని మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. వాడినది పారబోయవలసిందే. ఇంజను ఆయిలు పోస్తే మాత్రం రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి.

మరునాడు కొత్త ఆయిలు పోశాం. బుడగలు రాలేదు, అయినా పెడలు కిందికే పోతోంది. అప్పుడు గాని పెడలు చెప్పే మాట వినలేదు. స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి. తొక్కిపట్టితే మెల్లగా దిగిపోతే కారుడు, లేదా మాస్టరు సిలిండరు వాషరు అరుగుదల. రెండుమూడుసార్లు తొక్కితే పైకి లేచి గట్టిపడితే షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయని అర్థం. మాది మూడోది. ఎడమ వెనుక అడ్జస్టరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తుప్పు వదిలించి, షూలు డ్రమ్ముకు ఆనేదాకా తిప్పి, మళ్లీ ఒకసారి గాలి తీసి, చక్రం తేలికగా తిరిగేంత సందు ఇచ్చాం. పెడలు రాయిలా నిలిచింది.

ఇక్కడ తొందర కూడదు. పాత బండ్లకు ఒకటే సర్క్యూటు. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి, మిగిలేది హ్యాండుబ్రేకు మాత్రమే. అందుచేత పెడలును నిమిషంపాటు అదిమిపట్టి, ప్రతి జాయింటూ చూసి, వాకిట్లో నడకవేగంతో పరీక్షించాకే మొయినాబాద్–చేవెళ్ల రోడ్డు ఎక్కాం. అనుమానం ఉంటే మెకానిక్కును ఇంటికి పిలవడం నామోషీ కాదు.

మిత్రులారా, మొండితనం బ్రేకులది కాదు, కారణం వెతకకుండా చేసిన పనినే మళ్లీ మళ్లీ చేసిన నాది. సూత్రం పుస్తకంలో ఉంటే రెండు మార్కులు, చేతికి వస్తే రోడ్డు మీద అడ్డొచ్చిన పిల్లవాడి ప్రాణం.