విశాఖ దంతపు పని

విశాఖపట్టణం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం మన మనస్సులో మెదలుతాయి. పద్దెనిమిదవ శతాబ్దిలో మాత్రం ఈ పట్టణం దంతపు పొదుగుడు పనికి ప్రసిద్ధి పొందింది. ఇంగ్లండులోని ప్రభువుల పల్లెటూరి భవనాలలో వంశపారంపర్యంగా భద్రపరచిన కొన్ని కుర్చీలు, బల్లలు, అలమరలు మన విశాఖ పనివారి చేతులలో రూపుదిద్దుకొన్నవే.

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు తమ దేశపు ఫర్నిచరును నమూనాగా చూపి, అటువంటివే చేయించుకొనేవారు. ఆకృతి ఆంగ్లేయులది, అలంకరణ తెలుగువారిది. పనివారు ఏనుగు దంతాన్ని పలుచని రేకులుగా కోసి, నూక్కర్రలో పొదిగేవారు. దంతంపై సన్నని గీతలతో లతలు, పువ్వులు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్కను నింపేవారు. తెల్లని దంతంపై నల్లని రేఖ చిత్రకారుని కలం గీసినట్లు భాసించేది. కాలక్రమేణా కలప కనిపించకుండా పైభాగమంతా దంతపు రేకులు తాపడం చేయడం కూడా ఆచారమైంది. 1756లో జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ పనితనాన్ని ప్రశంసించాడు.

ఇటువంటి వస్తువు పుట్టుక తెలుసుకోవడం ఎట్లా? ఆకృతిని మాత్రమే చూస్తే అది లండనులో తయారైనదని భ్రమపడతాము. అందుచేత పరిశోధకులు కలపను, అంచులలోని లతలను, పొదిగిన తీరును పరీక్షిస్తారు. అది ఎవరి చేతి నుండి ఎవరి చేతికి మారిందో వేలం పత్రాలలో వెదకుతారు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ కొన్ని దంతపు ఆసనాలను స్వదేశానికి తీసుకొనిపోయాడు. 1781లో ఆయన సామగ్రిని వేలం వేసినపుడు మూడవ జార్జి రాజు వాటిని షార్లెట్ రాణి కోసం కొన్నాడు. ఆమె మరణానంతరం అవి మళ్ళీ వేలానికి వచ్చి, చివరకు రాజవంశంలోనే నిలిచాయి.

కొన్నవారి పేర్లు, అమ్మినవారి పేర్లు పత్రాలకెక్కాయి. చేసినవారి పేర్లు మాత్రం సాధారణంగా ఎక్కడా కనిపించవు. ఆ అందం కోసం ఏనుగులు బలికావడం మరొక విషాదం. అందుకే నేడు మన దేశంలో దంతపు వ్యాపారం చట్టరీత్యా నిషిద్ధం. ప్రాచీన వస్తువును చూసినపుడు దాని యజమాని ఎవరని అడగడంతో ఆగక, దానిని చేసిన చేతులు ఎవరివని కూడా అడగడమే నిజమైన చరిత్ర దృష్టి.

కఠిన పదాలు – అర్థాలు
పొదుగు = చెక్కిన చోట అమర్చు
తాపడం = పైన రేకు అంటించుట
భాసించు = ప్రకాశించు

ప్రశ్నలు
1. విశాఖ పనివారు దంతాన్ని పొదిగే విధానాన్ని వివరించండి.
2. ప్రాచీన వస్తువుల పుట్టుకను పరిశోధకులు ఎట్లా నిర్ధారిస్తారు?