సహచరబృంద కథాక్రీడలు – ఆటగాండ్ర అభిప్రాయములు: ఒక పాఠభేద విచారము

1. ప్రస్తావన

ఒక కావ్యమును గూర్చి ఇరువురు విమర్శకులు పరస్పరవిరుద్ధముగా పలికినప్పుడు, అది రుచిభేదమని మనము సాధారణముగా సరిపెట్టుకొందుము. ఇరువురును చదివినది ఒకే కావ్యమను నమ్మకము దీనికి ఆధారము. ఆ నమ్మకము చెల్లని కథారూపమొకటి మన కాలమున బహుళముగా వ్యాపించినది. కంప్యూటరు తెరపై ఆడు కథాక్రీడ అది. అందును, నాయకుడు ఒంటరిగా గాక కొందరు సహచరులతో బృందముగా సంచరించు అద్భుతకథాక్రీడ ఈ వ్యాసమునకు విషయము. ఇట్టి క్రీడలపై ఆటగాండ్రు వెలిబుచ్చు అభిప్రాయములను పరిశోధకుడు ఏ విధముగా గ్రహింపవలెనో, ఏ విధముగా గ్రహింపరాదో నిరూపించుట ఇందలి ఉద్దేశము.

ఉదాహరణమునకు 2023 ఆగస్టు 3న కంప్యూటరుపై విడుదలయిన ‘బాల్డర్స్ గేట్ 3’ను గ్రహింతును. ఇది ఆ సంవత్సరము డిసెంబరులో ‘ది గేమ్ అవార్డ్స్’ సభయందు సంవత్సరపు ఉత్తమ క్రీడగా బహుమానమందినది. అయినను నేను దీనిని ఎన్నుకొనుటకు కారణము ఆ కీర్తి గాదు. ఆటగాండ్ర అభిప్రాయములు వెలువడుచుండగానే కర్తలు మూలమును పలుమార్లు మార్చిరి. అభిప్రాయమునకును మూలమునకును గల సంబంధము ఇంత స్పష్టముగా కన్పట్టు ఉదాహరణములు అరుదు.

2. క్రీడాస్వరూపము

ఈ జాతి క్రీడలకు మూలము 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికనులు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అది బల్ల చుట్టును కూర్చుండి మాటలతోను పాచికలతోను ఆడునట్టిది. ఒకడు కథకుడుగా నుండి సన్నివేశమును వర్ణించును. తక్కినవారు ఒక్కొక్క పాత్రను వహించి ఏమి చేయుదురో చెప్పుదురు. చేసిన పని ఫలించినదా లేదా యనునది పాచిక నిర్ణయించును. కెనడా దేశమున ఎడ్మంటన్ నగరమునందలి బయోవేర్ సంస్థ ఈ నియమములను ఆధారముగా గొని 1998లో ‘బాల్డర్స్ గేట్’ను, 2000లో దాని రెండవ భాగమును నిర్మించినది. మూడవ భాగమును బెల్జియము దేశమున గెంట్ నగరమునందలి లేరియన్ సంస్థ రచించినది. 2020 అక్టోబరులో మొదటి అంకము మాత్రము ముందుగా అమ్మకమునకు వచ్చినది. రమారమి మూడేండ్లు ఆటగాండ్ర స్పందనమును గమనించుచు తక్కిన భాగమును పూర్తి చేసిరి.

ఇతివృత్తము సంగ్రహముగా నిది: నాయకుని తలలోను, అతనితో చేరు సహచరులలో పలువురి తలలలోను ఒక మాయాకీటకము ప్రవేశించినది. అది వారిని వికృత జీవులుగా మార్చివేయునను భయముచే, చికిత్సను వెదకికొనుచు బయలుదేరిన ఈ అపరిచితులు క్రమముగా ఒక బృందమగుదురు. షాడోహార్ట్, ఆస్టారియన్, లేజెల్, గేల్, విల్, కార్లక్ అనువారు వారిలో ముఖ్యులు. నాయకుని ఆటగాడు తానే సృష్టించుకొనవచ్చును; ఈ సహచరులలో ఒకరినే నాయకునిగా గ్రహింపవచ్చును; లేదా హింసాప్రేరణచే పీడింపబడుచు గతమును మరచిన మరియొక నాయకుని స్వీకరింపవచ్చును. ఈ మూడు మార్గములలో కథ ఒకటియే యయినను, దాని భావము ఒకటి గాదు. “నాయకునకు వ్యక్తిత్వము లేదు” అని కొందరును, “నాయకుని అంతస్సంఘర్షణమే కథకు ప్రాణము” అని కొందరును అనుట విందుము. మొదటివారు తామే సృష్టించిన నాయకునితోను, రెండవవారు గతమును మరచిన నాయకునితోను ఆడినవారయినచో, ఇందు వివాదమే లేదు.

3. పోరాటనియమములను గూర్చిన వివాదము

1998 నాటి క్రీడలో బృందమున ఆరుగురికి చోటుండెను. యుద్ధము నిరంతరముగా సాగుచుండును. ఆటగాడు వలసినప్పుడు కాలమును నిలిపి ఆజ్ఞలిచ్చును. మూడవ భాగమున నాయకునితో కలిపి నలుగురే. యుద్ధమున ఒకరి తరువాత నొకరు వంతువంతునను పోరుదురు. పాత క్రీడలను ప్రేమించిన పలువురు దీనిని నిరసించిరి. ఆరుగురి సందడి, కాలము పరుగిడుచుండగా కలుగు ఆందోళనము పోయి, యుద్ధము చదరంగమయినదని వారి ఆక్షేపణ. తక్కినవారు వంతుల పద్ధతియే మూలమగు బల్లపై యాటకు సన్నిహితమనియు, ఎత్తైన చోటు, మండు నేల, చిందిన నీరు మున్నగు ప్రతి వివరమును ఆలోచించి వాడుకొనుటకు అది అవకాశమిచ్చుననియు సమర్థించిరి.

ఈ వివాదమును పరిశీలించినచో ఒక విషయము తేలును. ఇరుపక్షములవారును మూడవ భాగమును వర్ణించుటలో భేదింపలేదు. ‘దీనికి పూర్వగ్రంథమేది’ అను విషయమున భేదించిరి. ఒకరికి పూర్వగ్రంథము 1998 నాటి క్రీడ. మరొకరికి బల్లపై యాట. వేరొకరికి లేరియన్ వారే 2014లో వెలువరించిన ‘డివినిటీ: ఒరిజినల్ సిన్’. కావున అభిప్రాయము చెప్పినవాని పూర్వపఠనమును ఎరుగక ఆ అభిప్రాయమును తూచుట సాధ్యము గాదు.

4. పాచిక

సంభాషణములలో సైతము ఇరువది ముఖముల పాచిక తెరపై దొర్లును. ఒకటి పడినచో ఎంతటి నేర్పరికైనను అపజయము. ఇరువది పడినచో జయము. ఒకే మాట ఒకని ఆటలో శత్రువును శాంతింపజేయును; మరొకని ఆటలో రక్తపాతమునకు దారితీయును. పలువురు ఆటగాండ్రు ముందుగా ఆటను సేవ్ చేసికొని, పాచిక ప్రతికూలించినప్పుడు వెనుకకు మరలి మరల వేయుదురు. ఇది మోసమని కొందరు. ధనము చెల్లించి కొన్న కథను తమ యిచ్చ వచ్చినట్లు అనుభవించు హక్కు తమకు గలదని కొందరు.

ధర్మాధర్మవిచారమునకన్న ఇచట మనకు ముఖ్యమయినది వేరు. ఈ క్రీడలో అపజయమునకు సైతము కర్తలు విడిగా కథను వ్రాసియుంచిరి. ప్రతి అపజయమును తుడిచివేసికొనిన ఆటగాడు ఆ భాగమును చదువనే లేదు. “ఈ కథలో ఆపదకు విలువ లేదు” అని అతడు పలికినచో, అది అతడు చదివిన పాఠమునకు సత్యమే. చదువక విడిచిన పాఠమునకు వర్తింపదు. 2023 నవంబరు 30న వచ్చిన ఐదవ సవరణలో ఒకే ఒక సేవ్‌తో ఆడవలసిన కఠినరీతి యొకటి చేర్చబడినది. ఆ రీతిలో ఆడినవారి అభిప్రాయములను తక్కినవారి వానితో కలిపి లెక్కించుట అనుచితము.

5. సహచరులు

అభిప్రాయములలో అధికభాగము సహచరులను గూర్చినవి. ఇందొక విశేషమున్నది. ఈ క్రీడలో ఆటగాడు సహచరులపై అభిప్రాయమేర్పరచుకొనుటయే గాక, సహచరులును నాయకునిపై అభిప్రాయమేర్పరచుకొందురు. నాయకుడొక పని చేయగానే, ఫలానివారు మెచ్చిరనియో మెచ్చలేదనియో తెరపై కన్పట్టును. 1998 నాటి క్రీడలో బృందమంతటికిని కలిపి ఒకే కీర్తిసంఖ్య యుండెడిది. అది మిక్కిలి తగ్గినచో సజ్జనులును, మిక్కిలి పెరిగినచో దుర్జనులును బృందమును వీడిపోవుచుండిరి. బయోవేర్ వారే 2009లో వెలువరించిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో ప్రతి సహచరునకును విడిగా మెప్పుదల యుండెను, కాని కానుకలిచ్చి దానిని పెంచుకొనవచ్చును. ‘బాల్డర్స్ గేట్ 3’లో మెప్పుదల ప్రధానముగా చేతలపైనను మాటలపైనను ఆధారపడును. నాయకుని క్రౌర్యమును ఆస్టారియన్ పలుచోట్ల మెచ్చును, కార్లక్ నిరసించును. ఇరువురిని వెంటనుంచుకొని సాగువాడు అడుగడుగునను ఒకరిని నొప్పింపవలసి వచ్చును. కావున ఒక సహచరుడు ‘కఠినుడు’ అను అభిప్రాయములో, ఆ సహచరుడు ఆ ఆటగాని నడతకు ఇచ్చిన తీర్పు ఇమిడియుండును. మన అలంకారశాస్త్రమున సహృదయుడు పాత్రను ఆస్వాదించును గాని, పాత్ర సహృదయునిపై తీర్పు చెప్పదు.

ఇక పాఠము మారిన తీరును చూపు నిదర్శనములు రెండు.

మొదటిది మింథారా విషయము. ఈమె శరణార్థులున్న వనముపై దండెత్త నుద్యుక్తయగు సేనాని. తొలి పాఠములో ఈమెను సహచరిగా పొందుటకు కర్తలు నిర్దేశించిన మార్గము, ఆ వనవాసులను వధించు పక్షమున చేరుట. “సజ్జనునకు మింథారా లభింపదు, అదియే ఆ కథలోని నైతికబలము” అని కొందరు మెచ్చిరి, “ఇంత చక్కని పాత్రను పాపమునకు బహుమానముగా నుంచుట అన్యాయము” అని కొందరు నిందించిరి. ఐదవ సవరణలో ఆమెను చంపక మూర్ఛిల్లజేసినచో తరువాత సహచరిగా పొందు వీలు కల్పింపబడినది. ఆనాటితో మెప్పునకును నిందకును ఆధారము మారిపోయినది. 2023 సెప్టెంబరులో వ్రాయబడిన అభిప్రాయమును నేటి పాఠముతో పోల్చి “ఈ ఆటగాడు సరిగా ఆడలేదు” అని పరిశోధకుడు నిర్ణయించినచో, తప్పు ఆటగానిది గాదు.

రెండవది కార్లక్ విషయము. ఈమెకు హృదయస్థానమున నరకలోకపు యంత్రమొకటి అమర్పబడినది. ఆ లోకమును వీడి ఆమె చిరకాలము జీవింపజాలదు. ఇట్టి ఉదారహృదయకు మరణమో, నరకప్రవాసమో, రూపవికృతియో తప్ప వేరు గతి లేదా యని ఆటగాండ్రు ఆక్రోశించిరి. 2023 ఆగస్టు 31 నాటి రెండవ సవరణలో ఆమె కథాంతము విస్తరింపబడినది. ఐదవ సవరణలో, ఆరు మాసముల పిదప మిత్రులందరును కలిసికొను భరతవాక్యప్రాయమగు ఘట్టము చేర్చబడినది. దుఃఖము తగ్గినదని సంతసించినవారును, కరుణరసమునకు భంగము కలిగినదని వగచినవారును గలరు. సీతారాముల వియోగముతో ముగిసిన కథను భవభూతి ‘ఉత్తరరామచరితము’న పునస్సమాగమముతో ముగించుటను గూర్చి మన పండితులు చేసిన ఔచిత్యచర్చ దీనికి దూరమయినది గాదు. భేదమొక్కటే. వాల్మీకికిని భవభూతికిని నడుమ శతాబ్దములున్నవి; ఇచట రెండు పాఠములకును కర్తలు ఒక్కరే, నడుమనున్నది కొన్ని వారములు, కొన్ని మాసములు.

6. పాఠపరిష్కర్తకు ఇందు గల పని

పాఠభేదము మనకు క్రొత్త గాదు. 1829లో సి. పి. బ్రౌన్ వేమన పద్యములను ప్రకటించు నాటికి, ఏ రెండు వ్రాతప్రతులును పద్యసంఖ్యయందుగాని క్రమమునందుగాని ఏకీభవింపని స్థితి యుండెను. పూనా భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థవారు 1919లో ఆరంభించిన మహాభారత సంశోధిత ముద్రణము 1966 నాటికిగాని పూర్తి కాలేదు. ఈ కృషివలన మనకు అబ్బిన నియమమొకటి గలదు: ఏ ప్రతిని చూచి ఈ మాట చెప్పబడినదో తెలియక ఆ మాటను ప్రమాణముగా గొనరాదు.

కథాక్రీడ విషయమున ఈ నియమము మరింత అవసరము. తాళపత్రప్రతి శిథిలమైనను ఎచటనో ఒకచోట మిగులును. క్రీడయందు సవరణ వచ్చినంతనే, సాధారణముగా ఆటగాని యంత్రముపైనున్న పాతపాఠమును క్రొత్తపాఠము కప్పివేయును. తొలి పాఠమునకు సాక్ష్యముగా మిగులునది పెక్కుచోట్ల ఆనాటి ఆటగాని అభిప్రాయమే. మూడవ అంకమున యంత్రము మందగించెననియు, నగరపు ఎగువభాగమున తిరుగ వీలులేకపోయెననియు, ముగింపు హఠాత్తుగా వచ్చెననియు 2023లో వెలువడిన ఫిర్యాదులు నేడు ఆ పాఠచరిత్రకు ఆకరములు. వానిని అల్పములని త్రోసిపుచ్చుట ప్రతులను చెదలకు విడుచుటతో సమానము.

7. భాషావిషయము

2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదవ సవరణ నాటికిని ఈ క్రీడలో భారతీయభాష యేదియు చేరలేదు. తెలుగు ఆటగాడు ఆంగ్లమున ఆడి తెలుగున అభిప్రాయము చెప్పును. కావున అతని అభిప్రాయము కొంతవరకు అనువాదము. నాయకుని వెంటనుండువారిని ‘పరివారము’ అన్నచో సేవకభావము తోచును, ‘జట్టు’ అన్నచో పందెపు ఆట స్ఫురించును, ‘బృందము’ తటస్థము, ‘తోడు’ ఆత్మీయము. తెలుగు విద్యార్థులు ఈ పాత్రలను గూర్చి మాటలాడునప్పుడు, మెచ్చినవానిని ‘వాడు’ అని చనువుగాను, అంతగా కలియనివానిని ‘అతను’ అని దూరముగాను పేర్కొనుట నేను వినియున్నాను. ఆంగ్లమూలమున ఈ భేదమునకు చోటు లేదు. ఇది తెలుగు ఆటగాడు తన భాషచే చేర్చిన వ్యాఖ్యానము. తక్కిన భారతీయభాషలవారును తమతమ సర్వనామములను ఈ దృష్టితో పరిశీలించినచో తులనాత్మకమగు సామగ్రి లభింపగలదు.

8. ఉపసంహారము

పై విచారమునుబట్టి, ఆటగాని అభిప్రాయమును సేకరించు పరిశోధకుడు ఆరు విషయములను తప్పక నమోదు చేయవలెను: (1) అభిప్రాయము వెలువడిన తేది, ఆనాటి సవరణ సంఖ్య, (2) గ్రహించిన నాయకుడు, (3) వెంటనుంచుకొనిన సహచరులు, (4) క్రీడాకాఠిన్యపు స్థాయి, పాచికను మరల వేయు అలవాటు, (5) ఆటగాడు పూర్వము ఆడిన క్రీడలు, (6) ఆడిన భాష, అభిప్రాయము చెప్పిన భాష. ఈ ఆరింటిని సరిచూచిన పిదపను ఇరువురి నడుమ భేదము మిగిలినచో, దానినే రుచిభేదమనవలెను. అంతకు ముందు ఆ మాట వాడుట పరిశోధనకు బదులు విశ్రాంతిని కోరుట.

ఈ విషయమున కాలము మనకు అనుకూలము గాదు. ప్రతులు మారుచున్నవి, తొలి పాఠమును ఆడినవారు దానిని మరచుచున్నారు. మన విశ్వవిద్యాలయముల భాషాశాఖలలో పాఠపరిష్కరణమున శిక్షణ పొందినవారున్నారు. ఈ క్రీడలను స్వయముగా ఆడిన విద్యార్థులును అవే తరగతులలో కూర్చుండియున్నారు. మొదటివారి పద్ధతి రెండవవారికిని, రెండవవారి అనుభవము మొదటివారికిని అందినచో, ఈ సాక్ష్యము నిలుచును.