ఒంటరి సంస్కృత అధ్యాపకులు, తరగతి సాంకేతికత

ప్రశ్న: మైలవరం పరిసర కళాశాలల్లో సంస్కృతం బోధించేవారు చాలాచోట్ల ఒక్కరే ఉంటారు. సాంకేతికత వారిని ఎలా కలపగలదు?

జవాబు: హైదరాబాద్ విశ్వవిద్యాలయ సంస్కృత విభాగం రూపొందించిన ‘సంసాధనీ’ అనే ఉపకరణాల సముదాయం సంధిని విడదీయడమే గాక, పదవిశ్లేషణను, అనగా ఒక రూపంలోని విభక్తి, లింగ, వచనాల నిర్ణయాన్ని కూడా చేస్తుంది. అయితే ‘వనే’ వంటి రూపానికి అది సప్తమీ ఏకవచనాన్నీ, ప్రథమా ద్వివచనాన్నీ కూడా చూపవచ్చు గనుక, సందర్భానికి తగినదానిని ఎంచే భారం అధ్యాపకునిదే అవుతుంది; సహాధ్యాపకుల అవసరం కలిగేది సరిగ్గా అక్కడే. కనుక మైలవరం, విజయవాడ, నూజివీడు అధ్యాపకులు నెలకొక పాఠాన్ని ఎంచుకొని, దానిని ముందుగా ఆ ఉపకరణంతో పరిశీలించి, సందేహాలను వీడియో సమావేశంలో చర్చించి, తేలిన విశ్లేషణను అందరికీ అందుబాటులో భద్రపరచుకోవడం సముచితం. శుభోదయ చిత్రాలతో నిండిపోయే వాట్సాప్ బృందం ఈ పనికి చాలదు.