పిల్లలు అడిగి నేర్చుకునే చదువు



మీరిచ్చే విద్యార్థి వేతనాలతో చదివి, పదో తరగతి మంచి మార్కులతో దాటిన పిల్లలను ఉపాధ్యాయులుగా మేము ఏటా చూస్తున్నాం. వారిలో కొందరు కాలేజీకి వెళ్లగానే తడబడతారు. తెలివి లేక కాదు. ఈ పేజీ చదువు, ఇది రాయి అని చెప్పేవారు అక్కడ ఉండరు.

అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 1968 నుంచి నడుస్తున్న సడ్బరీ వ్యాలీ బడిలో ఏం నేర్చుకోవాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. బడి నియమాలను అందరూ ఓటు వేసి చేస్తారు. చిన్న పిల్లకూ పంతులుకూ ఒకటే ఓటు. ఆ బడి స్థాపకుల్లో ఒకరైన డేనియల్ గ్రీన్‌బర్గ్ ఒక సంగతి రాశారు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు పన్నెండు మంది వచ్చి లెక్కలు నేర్పమన్నారు. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. ఆలస్యంగా వస్తే ఆ రోజు పాఠం లేదన్నది షరతు. కూడికల నుంచి భిన్నాలు, శాతాలు, వర్గమూలాల దాకా 20 వారాల్లో, అంటే 20 గంటల్లో పూర్తయింది. మేము ఏళ్ల తరబడి చెప్పే లెక్కలవి!

మరి పెద్దయ్యాక? పీటర్ గ్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త, డేవిడ్ చానాఫ్ కలిసి అక్కడ చదివిన 69 మంది వివరాలు సేకరించి 1986లో ప్రచురించారు. పైచదువులు కోరుకున్నవారు కాలేజీలో ఇబ్బంది పడలేదు. రకరకాల వృత్తుల్లో స్థిరపడ్డారు. బాధ్యత తీసుకోవడం, సొంతంగా నేర్చుకోవడం, పైవారి ముందు జంకకపోవడం ఆ బడి చలవేనని చాలామంది చెప్పారు. అయితే అది ఫీజు తీసుకునే బడి. ఇంట్లో ఒక్క పుస్తకం లేని పిల్లవాడిని ఊరికే వదిలేసి, నీ ఇష్టం అంటే ఏమీ రాదు.

మనకిది పూర్తిగా కొత్తా? మక్తబ్‌లో చూడండి. ఒకే చాప మీద పదిమంది, ఒక్కొక్కరి సబఖ్ వేరు. ఒకరు ఖాయిదాలో ఉంటే పక్కవాడు పదో పారాలో. ఏం చదవాలో పిల్లవాడు ఎంచుకోడు, నిజమే. వేగం మాత్రం అతడిదే.

మా విన్నపం చిన్నది. ర్యాంకులకు బహుమతులతో పాటు, సంఘం సాయం చేసే బడుల్లో తరగతికొక పుస్తకాల బీరువా ఇప్పించండి. రోజూ ఒక గంట కేటాయించమని అడగండి. ఆ గంట పుస్తకం, ప్రశ్న రెండూ పిల్లలవే; అడిగినప్పుడే ఉపాధ్యాయుడు చెప్పాలి. (జకాత్ వాడవచ్చా అన్నది ఆలిములను అడగాలి; సదఖాకు అడ్డు లేదు.) బీరువాకు తాళం వద్దు. కొన్ని పుస్తకాలు చిరుగుతాయి, కొన్ని పోతాయి. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో రాసుకోండి.