పట్టణ గృహాలలో ఊరపిచ్చుకలకు గూటి పెట్టెలు: ఆవాసంతో పాటు కీటకాహారం ఆవశ్యకత

సారాంశం: నగరాలలో ఊరపిచ్చుకల పరిరక్షణకై గూటి పెట్టెల పంపిణీ విస్తృతంగా జరుగుతున్నది. పెట్టె గూటి స్థలం కొరతను మాత్రమే తీర్చగలదు. పిల్లల మనుగడ తొలి వారంలో లభించే కీటకాహారంపై ఆధారపడుతుంది. సికింద్రాబాద్‌లోని సీతాఫల్‌మండి వంటి పాత నివాస ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని పెట్టె కొలతలు, అమరిక, మొక్కల ఎంపిక, ఫలితాల మూల్యాంకనం ఈ వ్యాసంలో వివరించబడినవి.

ఉపోద్ఘాతం

ఊరపిచ్చుక (పాసర్ డొమెస్టికస్) మానవ నివాసాలను ఆశ్రయించి జీవించే పక్షి. జొన్న, సజ్జ, వరి పైర్లలో గింజ పాలుపోసుకునే దశలో నష్టం కలిగించే పక్షిగా వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఇది సుపరిచితం. అయితే ఇదే పక్షి తన పిల్లలను గొంగళి పురుగులు, పేనుబంక వంటి కీటకాలతో పెంచుతుంది. చైనాలో 1958లో దీని సమీప జాతియైన చెట్టుపిచ్చుకను పంటల శత్రువుగా ప్రకటించి పెద్ద ఎత్తున నిర్మూలించగా కీటకాల బెడద పెరిగింది. 1960లో ఆ జాబితా నుండి పిచ్చుకను తొలగించి నల్లిని చేర్చారు. మన కోనసీమ ప్రాంతంలో వరి కంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకు, ఆలయ మండపాలకు వ్రేలాడదీసే ఆచారం పిచ్చుకకు పంటలో వాటా ఉన్నదని అంగీకరించినదే.

'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2020' నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద ఊరపిచ్చుకల సంఖ్య దాదాపు స్థిరంగా ఉన్నది. హైదరాబాద్ సహా ఆరు మహానగరాలలో మాత్రం క్రమంగా తగ్గుతున్నది. సెల్ టవర్ల రేడియేషనే ఇందుకు కారణమన్న ప్రచారాన్ని అందుబాటులో ఉన్న ఆధారాలు బలపరచడం లేదు. కావున కారణాలను గూటి స్థలంలోను, ఆహారంలోను వెదకవలసి ఉన్నది.

పాత బస్తీలలో మారిన పరిస్థితులు

సీతాఫల్‌మండి పేరులోనే పండ్ల అంగడి ఉన్నది. రైలుమార్గాన్ని ఆనుకొని పెరిగిన ఇటువంటి ప్రాంతాలలోని పెంకుటిండ్లు, దూలాల మిద్దెలు, వెంటిలేటర్లు, గోడకు వేసిన పటాల వెనుక సందులు పిచ్చుకలకు సహజమైన గూటి స్థలాలు. ముంగిట బియ్యం చెరిగినప్పుడు రాలే నూకలు, కిరాణా దుకాణాల ముందు గోనె సంచుల నుండి ఒలికే ధాన్యం పెద్ద పక్షులకు ఆహారం. పెరటి పాదులు, పిచ్చి మొక్కలు పిల్లలకు కావలసిన పురుగులను ఇచ్చేవి. అపార్ట్‌మెంట్ల నునుపైన గోడలు మొదటిదానిని, ప్యాకెట్ బియ్యం రెండవదానిని, సిమెంటు చేసిన పెరళ్ళు మూడవదానిని తగ్గించినవి. పెట్టెతో మొదటి లోటు తీరుతుంది, గుప్పెడు నూకలతో రెండవది తీరుతుంది. మూడవ లోటు సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు.

కీటకాహారం ప్రాముఖ్యం

ఆడపిచ్చుక ఒక ఈతకు సాధారణంగా 3 నుండి 5 గ్రుడ్లు పెడుతుంది. సుమారు 11–14 రోజులలో పిల్లలు వెలువడి, మరి రెండు వారాలకు గూడు విడుస్తాయి. తొలి దినాలలో వాటికి మాంసకృత్తులు అధికంగా గల మెత్తని కీటకాలు అవసరం. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో జరిగి 2008లో ప్రచురితమైన పరిశోధనలో, కీటకాలు కొరవడిన చోట్ల పిల్లలు గూటిలోనే ఆకలితో మరణించడం, బ్రతికినవి తక్కువ బరువుతో ఎగరడం గమనించారు. లండన్‌లో పిచ్చుకల స్థావరాల వద్ద పురుగులను అదనంగా అందించగా ఎగిరిన పిల్లల సంఖ్య పెరిగింది కాని, తరువాతి ఋతువులలో జతల సంఖ్య పెరగలేదు. అనగా ఒక్క లోటును పూరించినంత మాత్రాన సంతతి వృద్ధి చెందదు. కీటకాలు లేని చోట పెట్టెను అమర్చినచో, గ్రుడ్లు పెట్టించి పిల్లలను పస్తుంచినట్లే అవుతుంది.

పెట్టె నిర్మాణం, అమరిక

• సుమారు 2 సెం.మీ. మందం గల, రంగు వేయని చెక్క శ్రేష్ఠం. మే నెలలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే మన ఎండలకు రేకు, పలుచని ప్లాస్టిక్ పెట్టెలు పనికిరావు.
• అడుగు భాగం 15 × 15 సెం.మీ., ఎత్తు 20–25 సెం.మీ. ఉండవలెను.
• ప్రవేశ రంధ్రం వ్యాసం 3.2 సెం.మీ., అడుగు నుండి 13–15 సెం.మీ. ఎత్తున ఉండవలెను. రంధ్రం పెద్దదైనచో గోరువంకలు ఆక్రమిస్తాయి.
• రంధ్రం క్రింద పుల్ల అమర్చరాదు. అది కాకులకు, పిల్లులకు పట్టునిస్తుంది.
• పై భాగంలో గాలికి, అడుగున నీరు జారుటకు చిన్న రంధ్రాలు, శుభ్రపరచుటకు తెరుచుకునే మూత అవసరం.
• సజ్జా క్రింద, పడమటి ఎండ తగలని గోడకు, 2.5–3 మీటర్ల ఎత్తున బిగించవలెను. తిరిగే పంకాకు దూరంగా ఉంచవలెను.
• పిచ్చుకలు గుంపుగా నివసిస్తాయి. కావున ఒక ఇంటికి 2–3 పెట్టెలు మేలు.

పిల్లలు ఎగిరిపోయిన పిదప, గూడు ఖాళీ అయినదని నిర్ధారించుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని పాత గడ్డిని తొలగించవలెను.

మొక్కలు, మేత

బాల్కనీలోని రెండు పెద్ద కుండీలలో చిక్కుడు, బొబ్బర వంటి తీగలు పెంచవచ్చును. వీటిపై వచ్చే పేనుబంకను పిచికారీతో నశింపజేయక వదిలివేయుట ఈ విధానానికి కీలకం. రాధామనోహరం వంటి గుబురు తీగ పక్షులు విశ్రమించుటకు ఉపకరిస్తుంది. కొర్రలు, సజ్జలు, నూకలు కొద్ది పరిమాణంలో వేసి, లోతు తక్కువ గల మట్టి మూకుడులో నీరు ప్రతిదినం మార్చవలెను.

మూల్యాంకనం

2010 నుండి ఏటా మార్చి 20న జరిగే ప్రపంచ పిచ్చుకల దినోత్సవ సందర్భంగా ఎన్ని పెట్టెలు పంచారన్నదే లెక్కగా వినిపిస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలకు అది కొలమానం కారాదు. విద్యార్థులు ఒక బస్తీలో మూడు విధానాలను పోల్చి చూడవచ్చును: (1) పెట్టె మాత్రమే, (2) పెట్టె, గింజలు, నీరు, (3) ఇవన్నీ, వీటికి తోడు పురుగుమందు వాడని తీగ మొక్కలు. ఇండ్లను యాదృచ్ఛికంగా కేటాయించవలెను. ఒక ఇంటిలోని పెట్టెలన్నిటినీ కలిపి ఒకే రెప్లికేషన్‌గా పరిగణించవలెను. ఏలయన అవి పరస్పరం స్వతంత్రమైనవి కావు. గడ్డి చేర్చిన తేదీ, పిల్లల కూతలు మొదట వినిపించిన తేదీ, గంటకు పురుగుతో వచ్చిన రాకలు, గింజతో వచ్చిన రాకలు, చివరకు ఎగిరిన పిల్లల సంఖ్య నమోదు చేయవలెను. పెట్టెను తరచుగా తెరువక, దూరం నుండే పరిశీలించవలెను.

ముగింపు

గూటి పెట్టె తక్కువ ఖర్చుతో కూడిన ఉపయుక్తమైన సాధనమే. అయితే దానిని మందు చల్లని పచ్చదనంతో జతపరచి సిఫారసు చేయవలసి ఉన్నది. పెట్టె ఇచ్చే ప్రతి ఇంటికీ గుప్పెడు చిక్కుడు విత్తనాలు కూడ ఇచ్చుట, మరుసటి ఏడు ఆ ఇంటి నుండి ఎన్ని పిల్లలు ఎగిరినవో అడిగి తెలుసుకొనుట విస్తరణ కార్యక్రమంలో భాగం కావలెను.