పుర్రె మీద ముఖం

ప్రశ్న: ఐరిస్ జోహాన్సెన్ నవల ‘ది ఫేస్ ఆఫ్ డిసెప్షన్’ చదువుతున్నాను. అందులో ఈవ్ డంకన్ పుర్రె మీద మట్టితో ముఖం తీర్చిదిద్దుతుంది. నిజంగా పోలికలు వస్తాయాండీ?

జవాబు: వస్తాయండీ, అచ్చుగుద్దినట్టు మాత్రం కాదు. పుర్రె మీద చిన్న రబ్బరు ముక్కలు అతికిస్తారు. నుదుటి మీద పొట్టివి, బుగ్గల మీద పొడుగువి; ఎక్కడ కండ ఎంత మందమో అంత. ఆ ఎత్తుకి మట్టి నింపుతారు. దవడ తీరు ఎముకే చెబుతుంది. చెవులు, పెదవులు, జుట్టు చాలావరకు కళాకారుడి ఊహే.

ఆ ఊహని తక్కువ చేయకండి. 1971లో న్యూజెర్సీలో సొంతవాళ్లని ఐదుగుర్ని చంపి పారిపోయిన జాన్ లిస్ట్, వయసు మీదపడ్డాక ఎలా ఉంటాడో శిల్పి ఫ్రాంక్ బెండర్ పాత ఫొటోల ఆధారంగా శిల్పం చేశాడు. మందపాటి ఫ్రేము కళ్లద్దాలూ పెట్టాడు. 1989లో దాన్ని టీవీలో చూపించాక రెండు వారాలు తిరక్కుండానే లిస్ట్ దొరికాడు, దాదాపు అలాంటి కళ్లద్దాలతోనే.