దుబారా అనే అలవాటు: మన ఇండ్లలో విద్యుచ్ఛక్తి

‘దుబారా’ అనే మాట మన కళాశాలలో ఉర్దూ తరగతిలోను, తెలుగు తరగతిలోను వినిపిస్తుంది. ఉర్దూలో దానికి ‘మరల, రెండవసారి’ అని అర్థం. తెలుగులో ‘వృథా వ్యయం’ అని అర్థం. ఈ రెండర్థాలు వేరైనప్పటికీ, ఇంటిలోని విద్యుచ్ఛక్తి విషయంలో ఒకటిగా కలిసిపోతాయి. ఒకనాడు ఆర్పడం మరచిన దీపం వలన కలిగే నష్టం స్వల్పం. అదే పొరపాటు ప్రతిదినం మరల మరల జరిగి అలవాటుగా స్థిరపడినప్పుడు నిజమైన దుబారా అవుతుంది.

మా చిన్నతనంలో ఊరిలో కరెంటు పోయినప్పుడల్లా మా దాదీ లాంతరు వెలిగించేది. వంట ముగించి వాకిటిలోకి వచ్చేటప్పుడు వత్తిని తప్పక తగ్గించేది. కిరసనాయిలు తరిగిపోవడం ఆమె కంటికి కనిపించేది గనుక పొదుపును గురించి ఆమెకు ఎవరూ బోధించనవసరం లేకపోయింది. విద్యుచ్ఛక్తి అట్లు కంటికి కనిపించదు. అది ఎంత ఖర్చయినదీ బిల్లు చేతికి వచ్చిన పిదపనే తెలుస్తుంది. అప్పుడైనను ఏ అలవాటు ఎంత తిన్నదో ఆ కాగితం చెప్పదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి.

లెక్క కఠినమైనది కాదు. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిటు. వాట్లను గంటలతో హెచ్చవేసి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. మేము ఈ లెక్కను ముందుగా మా ఇంటిపైననే ప్రయోగించి చూశాము. ఫలితం మమ్ములను సిగ్గుపడేటట్లు చేసింది.

మొదటిది ఫ్యాను. మనం బయటికి వెళ్లినా అది తిరుగుతూ ఉంటే గది చల్లబడి ఉంటుందని చాలామంది భావన. మేమును అట్లే భావించాము. వాస్తవానికి ఫ్యాను గదిని చల్లబరచదు. మన శరీరంపై చెమటను ఆర్చి మనకు చల్లదనం కలిగిస్తుంది. మనిషి లేని గదిలో దానివలన ప్రయోజనం శూన్యం. 75 వాట్ల ఫ్యాను రోజుకు 4 గంటలు ఊరక తిరిగితే నెలకు 9 యూనిట్లు. పెట్టె వంటి పాత రెగ్యులేటరుతో వేగం తగ్గించినా పొదుపు అంతగా ఉండదు. మిగిలిన శక్తిలో చాలా భాగం ఆ పెట్టెలోనే వేడిగా మారిపోతుంది.

రెండవది నీటి మోటారు. ట్యాంకు నిండి నీరు గోడవెంట కారే వరకు మోటారు కట్టకపోవడం మన వీధులలో నిత్యదృశ్యం. ఒక హార్స్‌పవర్ మోటారు పావుగంట అదనంగా తిరిగితే సుమారు పావు యూనిటు. నెలకు అది 7 యూనిట్లు దాటుతుంది. పోయేది కరెంటు మాత్రమే కాదు, నీరు కూడా.

మూడవది టీవీ. రిమోటుతో తెరను ఆర్పి, సెట్‌టాప్ బాక్సు స్విచ్చిని అట్లే వదలివేస్తాము. ఆ పెట్టె 10 వాట్లే తీసుకొంటుందని అనుకొన్నా, చూడని 18 గంటలకు నెల మొత్తంమీద 5 యూనిట్లకు పైగా అవుతుంది.

ఈ మూడింటిని కూడితే నెలకు దాదాపు 22 యూనిట్లు, సంవత్సరానికి 260కి పైగా. ఇందులో ఎవరికీ వెలుతురు గాని, గాలి గాని, వినోదం గాని లభించలేదు.

ఇది పేద గృహానికి చిన్న విషయం కాదు. తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకం క్రింద అర్హతగల ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటితే మొత్తం బిల్లు చెల్లించాలి. 190 యూనిట్లతో సరిపోవలసిన ఇల్లు ఈ 22 యూనిట్ల వలన హద్దు దాటుతుంది. ఆ నెల చెల్లించే సొమ్ము పిల్లల పుస్తకాలకు ఉంచినది కావచ్చును.

దీపాల విషయంలో కొంత మేలు జరిగింది. 2015లో ఉజాలా పథకం వచ్చిన తరువాత ఎల్‌ఈడీ బల్బులు సామాన్యుల ఇండ్లకు చేరాయి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. కాని పరికరం మారినంత సులభంగా అలవాటు మారదు. వేడి కూర గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టడం, ఒక్కరి స్నానానికి 2000 వాట్ల గీజరును గంటసేపు వదలివేయడం, ప్రతి ఉదయం ఒక్క చొక్కా కోసం ఇస్త్రీపెట్టెను వేడిచేయడం నేటికీ సాగుతూనే ఉన్నాయి.

విద్యార్థులారా! రామగుండం వంటి కేంద్రంలో ఒక యూనిటు పుట్టడానికి అరకిలోకు పైగా బొగ్గు కాలుతుంది. సింగరేణి గనిలోకి దిగిన కార్మికుని చెమట ఆ బొగ్గులో ఉన్నది. ఆఖరి పీరియడు ముగిసిన తరువాత మన తరగతి గదులలో తిరిగే ఫ్యానులను గూర్చి ఆలోచించండి. ఇందుకు మేము, అనగా అధ్యాపకులము, కూడా బాధ్యులమే. ప్రతి గదికి వారానికొక విద్యార్థిని బాధ్యునిగా నియమిస్తే బాగుండునని కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి.

ఈ రాత్రి నిద్రించే ముందు మీ ఇంటి మీటరు అంకెను ఒక కాగితంపై వ్రాయండి. మరునాటి రాత్రి అదే సమయానికి మరల వ్రాయండి. వారం రోజులు ఇట్లు చేయండి. దాదీ కంటికి కిరసనాయిలు కనిపించినట్లు మీకును కరెంటు కనిపించడం ప్రారంభమవుతుంది. మీటరును దుబారా చూసిన ఇంటిలో కరెంటు దుబారా కాదు.